పీసీ జూనియర్ అమ్మాయిని గీసేముందు ఆ కీబోర్డుని ఒకసారి దగ్గరగా చూడండి

తర్వాత చదివేవాళ్ళకి కూడా అర్థమవ్వాలి కాబట్టి మీ ప్రశ్నని ముందు క్లుప్తంగా చెప్తాను. 1980లలో ఫెయిలైన ఒక హోమ్ కంప్యూటర్‌ని అనిమే అమ్మాయిగా గీయాలనుకుని మీరు ఐబీఎం పీసీ జూనియర్‌ని ఎంచుకున్నారు. చినిగిన గౌను, కళ్ళ నిండా నీళ్ళు, వెనకాల వర్షం, చేతిలో ఒక కీబోర్డు, సయాన్-మెజెంటా రంగుల జుట్టు వేశారు. బొమ్మ బాగుందని అందరూ అన్నారు కానీ అది ఏ కంప్యూటరో ఒక్కరూ చెప్పలేకపోయారు, ఎక్కడ తేడా కొట్టిందని అడుగుతున్నారు.

నేను వీడియో గేమ్‌లకి పాత్రలు డిజైన్ చేసే పనిలో చాలా ఏళ్ళుగా ఉన్నాను. పాత కంప్యూటర్ల మీద ఇష్టం అంతకంటే ముందునుంచే ఉంది. న్యూజెర్సీలో ఉద్యోగం చేసే రోజుల్లో ఒక పీసీ జూనియర్‌ని కొనుక్కున్నా, అది ఇప్పటికీ పనిచేస్తుంది, దాని మీద గంటలకొద్దీ టైప్ చేశాను. అందుకే ఈ జవాబు కొంచెం పొడుగ్గానే రాస్తున్నా.

మీ గీత బాగుంది, ముఖం చాలా బాగుంది. కాకపోతే మీరు గీసింది ఓడిపోయిన ఒక అమ్మాయిని, పీసీ జూనియర్‌ని కాదు. చినిగిన గౌను తీసేసి అదే బొమ్మ కింద ‘కొలెకో ఆడమ్’ అని రాసినా సరిపోతుంది, ‘మాటెల్ అక్వేరియస్’ అని రాసినా సరిపోతుంది, అవీ అప్పట్లో ఫెయిలైన హోమ్ కంప్యూటర్లే. ఏడుపు ఏ ఒక్క కంప్యూటర్ సొంతమూ కాదు. అసలు ఫెయిలవ్వడం అనేది ఆ మెషీన్‌కి షాపుల్లో జరిగిన సంగతి, ధర దగ్గరా, విడుదల చేసిన సమయం దగ్గరా జరిగింది. మెషీన్ లోపల మాత్రం ప్రతి చిప్పూ తనకి చెప్పిన పని తను చేస్తూనే ఉంది. మీ పాత్ర కూడా అలాగే ఉండాలి. తను ఓడిపోయానని తనకి తెలియకూడదు. పొద్దున్నే లేచి తన పద్ధతిలో తన పని చేసుకునే అమ్మాయి అవ్వాలి. ఆ పద్ధతి ఎందుకు అంత విచిత్రంగా ఉందో చూసేవాడికి మెల్లగా తెలియాలి.

ఇది కొత్త సంగతేం కాదు. మన దక్కన్‌లోనూ రాజస్థాన్‌లోనూ గీసిన రాగమాల చిత్రాలు చూసే ఉంటారు. అందులో తోడి రాగిణిని ముఖం చూసి ఎవరూ గుర్తుపట్టరు, అన్ని ముఖాలూ ఇంచుమించు ఒక్కలాగే ఉంటాయి. చేతిలో వీణ, చుట్టూ ఆ వీణ వినడానికి వచ్చిన జింకలు కనిపించగానే తోడి అని చెప్పేస్తారు. జపాన్ వాళ్ళు గిజింకా అని పిలిచే పద్ధతి, అంటే వస్తువుకి మనిషి రూపం ఇవ్వడం, అదీ ఇలాగే నడుస్తుంది. మీ బొమ్మలో అమ్మాయి ఉంది, జింకలు లేవు.

మీరు ఫెయిలైన మెషీన్‌ని ఎంచుకోవడం మాత్రం నాకు బాగా నచ్చింది, ఎందుకంటే ఈ గిజింకా అనేది కంప్యూటర్ల వైపు వచ్చిందే ఒక ఫెయిలైన సరుకు దగ్గర్నుంచి. 2000లో వచ్చిన విండోస్ ఎంఈ గుర్తుందా, మాటిమాటికీ హ్యాంగ్ అయ్యేది. 2000ల మొదట్లో ఫుతాబా ఛానెల్ అనే జపనీస్ ఇంటర్నెట్ బొమ్మల బోర్డులో జనం దాన్ని ఆకుపచ్చ జుట్టు, రెండు జడలు, పనమ్మాయి దుస్తులు ఉన్న ఒక అమ్మాయిగా గీయడం మొదలుపెట్టారు. ఎంతో కష్టపడి పనిచేస్తుంది, మధ్యలో ఉన్నట్టుండి కుప్పకూలిపోతుంది, మళ్ళీ లేచి పనిలో పడుతుంది. అక్కడినుంచి విండోస్ 98, 2000, ఎక్స్‌పీ అన్నీ అమ్మాయిలయ్యాయి. 2009లో విండోస్ 7 వచ్చేసరికి జపాన్‌లో నానామి మదోబే అనే పాత్ర ఏకంగా ప్యాకెట్ మీదికే ఎక్కింది, ఆ పాత్రకి నానా మిజుకి అనే డబ్బింగ్ నటి గొంతు ఇచ్చింది. 2014లో సెగా కంపెనీ వీడియో గేమ్ కన్సోల్స్ అమ్మాయిలుగా ఒక అనిమే కూడా వచ్చింది, అందులో డ్రీమ్‌కాస్ట్‌ది ముఖ్యపాత్ర. సెగా హార్డ్‌వేర్ వ్యాపారం నుంచి తప్పుకున్నది ఆ కన్సోల్ తోనే. ఇవన్నీ చెప్తున్నది ఎందుకంటే, ఎంఈ అమ్మాయిని జనం అంతగా ఇష్టపడింది జాలితో కాదు. ఆ బొమ్మ చూడగానే ప్రతివాడికీ తన టేబుల్ మీద ఉన్న కంప్యూటర్ చేసే పని గుర్తొచ్చింది. వాళ్ళు గీసింది దాని అలవాటుని.

ఇప్పుడు పీసీ జూనియర్ సంగతికి వద్దాం. 1981 ఆగస్టులో ఐబీఎం పీసీ వచ్చింది, ఆఫీసుల్ని ఏలేసింది. ఇళ్ళలోకి వెళ్ళడానికి 1983 నవంబరు 1న జూనియర్‌ని ప్రకటించారు. అప్పటిదాకా బయట అందరూ దాన్ని పీనట్ అనే రహస్య పేరుతోనే పిలుచుకున్నారు. అదే 8088 ప్రాసెసర్, అదే 4.77 మెగాహెర్ట్జ్. 64 కిలోబైట్ల మెమరీతో ఫ్లాపీ డ్రైవ్ లేని మోడల్ 669 డాలర్లు, 128 కిలోబైట్లూ ఒక ఫ్లాపీ డ్రైవూ ఉన్నది 1,269 డాలర్లు. ఆ టైంలో కమొడోర్ 64 ధర 200 డాలర్ల చుట్టుపక్కలకి దిగిపోయింది. పైగా క్రిస్మస్ ముందు ప్రకటించి, షాపుల్లోకి తెచ్చేసరికి 1984 వచ్చేసింది. పిల్లలకి కంప్యూటర్ కొనాలనుకున్న అమెరికన్ తల్లిదండ్రులు అప్పటికే వేరేది కొనేశారు. ఓటమిని తప్పకుండా చూపించాలి అనుకుంటే ఇక్కడ చూపించండి, ఒక్క చిన్న వస్తువుతో. ఆమె భుజానికి ఒక క్రిస్మస్ కానుక రిబ్బన్ కట్టండి, చుట్టూ మాత్రం వసంతం వచ్చేసి చెట్లు చిగురిస్తూ ఉండాలి. తెలిసినవాడికి వెంటనే తగులుతుంది, తెలియనివాడు ఎందుకలా ఉందని అడుగుతాడు. వర్షం అక్కర్లేదు.

ఇప్పుడు కీబోర్డు. మీరు ఆమె చేతిలో పెట్టినది మామూలు పీసీ కీబోర్డు, దాదాపు ఐబీఎం వాళ్ళదే తర్వాత వచ్చిన మోడల్ ఎం కీబోర్డు లాగా ఉంది, అది చూడగానే నేను ఆగిపోయా. జూనియర్ కీబోర్డు అసలు అలా ఉండదు. అక్కకి, అంటే ముందు వచ్చిన అసలు ఐబీఎం పీసీకి, 83 కీలుంటే ఈమెకి 62. చిన్న చిన్న దీర్ఘచతురస్రాల్లాంటి కీలు, ఒకదానికొకటి తగలకుండా విడివిడిగా, అమెరికన్లు చిక్లెట్ చూయింగ్‌గమ్ బిళ్ళల పేరు పెట్టి పిలిచే రకం. అసలు విశేషం ఏంటంటే కీ మీద ఏమీ రాసి ఉండదు. ఖాళీ. అక్షరం కీకి పైన, ఆ పలక మీద అచ్చువేసి ఉంటుంది. మీరు వేలు కీ మీద పెట్టినా అక్షరం కనిపిస్తూనే ఉంటుంది, అది మొదట భలే ఉంటుంది, కానీ వేగంగా టైప్ చేయబోతే వేలి కింద కీ అంచు ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతోందో తెలియదు, పక్క కీల మధ్య సందులోకి వేలు జారుతుంది. అలా ఎందుకు చేశారంటే, ఒక్కో ప్రోగ్రామ్‌కి ఒక్కో అట్ట ముక్క కీల చుట్టూ పరిచి ఏ కీ ఏం చేస్తుందో దాని మీద రాసుకోవచ్చని. పిల్లల సాఫ్ట్‌వేర్‌కి మంచి ఆలోచనే. ఉత్తరాలు టైప్ చేసుకోవాలనుకున్న పెద్దవాళ్ళకి మాత్రం అది నరకం, పత్రికల వాళ్ళు దాన్ని ఏకిపారేశారు.

దీన్ని చేతిలో వస్తువుగా పెట్టకండి, దుస్తుల్లోకి తెచ్చెయ్యండి. ఆమె కోటు ముందు భాగంలో గుండీలు వరసగా, చిన్నవిగా, దూరదూరంగా, తెల్లగా, ఏ గుర్తూ లేకుండా. ప్రతి గుండీకి పైన బట్ట మీద చిన్న కుట్టుపనితో ఒక అక్షరం. ఇది ఒక్కటి సరిగ్గా వస్తే చాలు, జూనియర్ తెలిసినవాళ్ళు రంగులు చూడకముందే పేరు చెప్పేస్తారు. అన్నట్టు, 1984 వేసవిలో ఐబీఎం ఈ కీబోర్డుని మార్చి, మామూలు టైప్‌రైటర్ రకం కీలున్నది తెచ్చింది, అప్పటికే కొన్నవాళ్ళకి ఉచితంగా ఇచ్చింది. అంటే మీ పాత్రకి రెండో కోటు కూడా ఉంది! డిజైన్ షీట్‌లో పక్కన చిన్నగా వేయండి, కానీ ప్రధాన బొమ్మలో మొదటి కోటే ఉండాలి.

కీబోర్డుకి వైరు కూడా లేదు, అది ఆ రోజుల్లో పెద్ద విషయం. నాలుగు పెన్సిల్ సెల్స్ వేసుకుని టీవీ రిమోట్ లాగా ఇన్‌ఫ్రారెడ్‌తో పనిచేసేది. సోఫాలో కూర్చుని ఒళ్ళో పెట్టుకుని టైప్ చేయొచ్చు. మధ్యలో ఎవరైనా నడిచి వెళ్తే మాట తెగిపోతుంది. ఒకే గదిలో రెండు జూనియర్లు ఉంటే ఒకదాని కీబోర్డు ఇంకోదానికి కూడా వినిపిస్తుంది, అందుకని స్కూళ్ళలాంటి చోట్ల విడిగా అమ్మే వైరు పెట్టుకోవాల్సి వచ్చేది. మీరు కామిక్ స్ట్రిప్ కూడా చేస్తానన్నారు కదా, మీ మొదటి ఎపిసోడ్ ఇదే. క్లాసులో ఇద్దరు జూనియర్ అమ్మాయిలు, ఒకరికి చెప్పిన మాట ఇద్దరూ వింటారు, ఇద్దరూ ఎంతో శ్రద్ధగా అదే పని చేస్తారు. ఎదుటివాళ్ళు మాట్లాడేటప్పుడు ఆమె ఎప్పుడూ సూటిగా వాళ్ళ వైపే తిరిగి ఉండాలి, చూపు తప్పితే మాట వినపడదు. అదొక్క భంగిమతోనే పాత్రకి స్వభావం వచ్చేస్తుంది, చాలా మర్యాదగా, చాలా శ్రద్ధగా వినే అమ్మాయి అనిపిస్తుంది.

లోపల ఇంకా మంచివి ఉన్నాయి. ఐబీఎం డబ్బు మిగుల్చుకోవడానికి ఇందులో డీఎంఏ చిప్ పెట్టలేదు. డీఎంఏ ఉంటే ఫ్లాపీ నుంచి డేటా చదివే పని అది చూసుకుంటుంది, ప్రాసెసర్ ఖాళీగా వేరే పని చేసుకోవచ్చు. జూనియర్‌లో ఆ సాయం లేదు, ఫ్లాపీ తిరుగుతున్నంతసేపూ ప్రాసెసరే ప్రతి బైటునీ స్వయంగా అందుకోవాలి. ఆ టైంలో మీరు కీ నొక్కితే అది పోయినట్టే. నాకు దీన్ని పాత్రగా మార్చడం చాలా ఇష్టం. పుస్తకం చదువుతుంటే పిలిచినా పలకదు, మొద్దుతనం వల్ల కాదు, పొగరూ కాదు, రెండు పనులు ఒకేసారి చేయడానికి ఆమెకి ఇంకో చేయి ఇవ్వలేదు. చదవడం అయిపోగానే తలెత్తి, ఏమన్నారు, మళ్ళీ చెప్పండి అంటుంది. చూడండి, ఒక ఇంజినీరింగ్ లోపం ఎంత చక్కటి మనిషి అలవాటు అయిపోయిందో!

మెమరీ సంగతి కూడా అంతే. తెరమీద బొమ్మ ఉండే మెమరీ, ప్రోగ్రామ్ ఉండే మెమరీ రెండూ ఒక్కటే. బొమ్మ చూపించే సర్క్యూట్ ఆ మెమరీని మాటిమాటికీ వాడుకుంటూ ఉంటుంది కాబట్టి ప్రోగ్రామ్ అక్కలో కంటే నెమ్మదిగా నడుస్తుంది. అదే ప్రోగ్రామ్ కార్ట్రిడ్జ్‌లో, అంటే మెషీన్‌లోకి దూర్చే చిన్న డబ్బాలో ఉంటే ఈ అడ్డు ఉండదు, చకచకా నడుస్తుంది. ముందు భాగంలో ఫ్లాపీ డ్రైవ్ కింద రెండు కార్ట్రిడ్జ్ స్లాట్లు ఉన్నాయి, వాటిని మీరు కోటు మీద రెండు జేబులు చేయాలి. కార్ట్రిడ్జ్ పెట్టినా తీసినా మెషీన్ రీసెట్ అయి మొదటినుంచి మొదలవుతుంది. అంటే జేబులో ఏదైనా పెట్టగానే ఆమె ఒక్కసారి కళ్ళు ఆర్పి, నమస్కారం పెట్టి, తన పేరు మళ్ళీ మొదటినుంచి చెప్పుకుంటుంది, ఆ తర్వాత మాత్రం గడగడా మాట్లాడేస్తుంది. లోటస్ 1-2-3 అనే ఆఫీసు లెక్కల ప్రోగ్రామ్ ఈమె కోసం రెండు కార్ట్రిడ్జ్‌ల మీద వచ్చింది, రెండు జేబులూ నిండిపోతాయి, ఆఫీసు లెక్కలు చేస్తున్న సీన్ గీస్తే అది వాడుకోండి.

ఇప్పుడు రంగుల దగ్గర మీరు చేసినదాన్ని కచ్చితంగా మార్చాలి. సయాన్, మెజెంటా జుట్టు ఐబీఎం అనగానే అందరూ వేసేదే, కానీ అది అక్క సంగతి. మామూలు పీసీలో తెరమీద రంగులు చూపించే సీజీఏ కార్డు 320×200 చుక్కల బొమ్మల్లో ఒకసారికి నాలుగు రంగులే చూపించేది, అందులో ఎక్కువగా కనిపించినవి సయాన్, మెజెంటా, తెలుపు, నలుపు. జూనియర్ ప్రత్యేకతే వేరు. అదే సైజులో పదహారు రంగులు ఒకేసారి చూపించగలదు. శబ్దం కూడా అంతే, అక్కకి ఒక్క బీప్ అనే స్పీకర్ మాత్రమే ఉంటే ఈమెకి టెక్సస్ ఇన్‌స్ట్రుమెంట్స్ చిప్ ఒకటి ఇచ్చారు, మూడు స్వరాలు ఒకేసారి పలుకుతుంది, పైన గరగర శబ్దానికి ఒక నాయిస్ ఛానెల్. పెద్ద ఆఫీసు ఇంట్లో పుట్టిన రెండో అమ్మాయి, అక్క దగ్గర లేని రంగులూ పాటా రెండూ ఈమె దగ్గరే ఉన్నాయి. ఇంత ఉన్నదాన్ని చినిగిన గౌనులో నిలబెడితే నాకు బాధగా ఉంది, నిజంగా.

రంగులు ఎక్కడ పెట్టాలి అంటే, మెషీనే చెప్తుంది. జూనియర్‌ని ఆన్ చేయగానే తెర మీద కంపెనీ లోగో వస్తుంది, దాని కింద పదహారు రంగుల పట్టీలు వరసగా నిలబడతాయి, మెమరీ ఎంతుందో లెక్క పెరుగుతూ పోతుంది. మామూలు పీసీ ఆన్ చేస్తే ఇవేం ఉండవు, కర్సర్ మిణుకుమిణుకుమంటూ ఉంటుంది అంతే. ఆ పదహారు పట్టీలని ఆమె లంగా అంచుగా వేయండి. దుస్తులు మొత్తం ఐబీఎం వాళ్ళ ఆ లేత గంధం కలిసిన తెలుపులోనే ఉంచి, రంగంతా కింద అంచులోనే పెడితే కంటికి ఎక్కడ చూడాలో తెలుస్తుంది. జుట్టు ఆ పదహారింటిలో ఉన్న గోధుమ రంగు చేయండి. నిజానికి లెక్క ప్రకారం ఆ స్థానంలో ముదురు పసుపు రావాలి, కళ్ళకి బాగోదని ఐబీఎం కలర్ మానిటర్‌లోనే సర్క్యూట్ పెట్టి దాన్ని గోధుమ రంగుగా మార్చారు. జుట్టు రంగుకి ఇంతకంటే మంచి కారణం నాకైతే దొరకలేదు. లోగో మాత్రం వేయకండి, ఆ ఎనిమిది గీతల గుర్తు ఇప్పటికీ వాళ్ళదే. స్టిక్కర్లు వేసి అమ్మాలని తర్వాత మీకు అనిపించినా చిక్కు ఉండదు.

సిల్హూట్ గురించి, అంటే నల్లగా నింపితే కనిపించే ఆకారం గురించి అడిగారు కాబట్టి చెప్తా, ఇక్కడ జూనియర్ మీకు బంగారం లాంటి అవకాశం ఇస్తుంది. లోపల కార్డులు పెట్టుకునే చోటు చాలా తక్కువ, అందుకని ఏది కావాలన్నా, ప్రింటర్ పోర్టు కావాలన్నా, ఇంకా మెమరీ కావాలన్నా, సైడ్‌కార్ అనే ఒక పెట్టెని మెషీన్ కుడి పక్కకి తగిలించి స్క్రూలు బిగించాలి. ఇంకోటి కావాలంటే దాని పక్కన ఇంకోటి. వాటన్నిటికీ కరెంటు చాలకపోతే అదనపు పవర్ సప్లై కూడా ఆ పక్కనే. కొన్నేళ్ళు వాడుకున్నవాళ్ళ దగ్గర జూనియర్ అసలు సైజుకంటే కుడివైపుకి బాగా సాగిపోయి ఉండేది. కాబట్టి మన అమ్మాయి రెండువైపులా సమానంగా ఉండకూడదు. ఆమె కుడి భుజం నుంచి నడుముదాకా, చూసేవాళ్ళకి ఎటువైపు వస్తుందో సరిచూసుకుని, పలకల్లాంటి సంచులు ఒకదాని పక్కన ఒకటి బిగించి ఉండాలి, వాటి మధ్య అతుకు గీతలు కనిపించాలి, స్క్రూ తలలు కనిపించాలి. ఎడమవైపు మాత్రం తేలికగా, ఖాళీగా. నల్లరంగు నింపేసి దూరం నుంచి చూసినా ఆ ఒకవైపు బరువు తెలియాలి. మీ ప్రస్తుత బొమ్మని నల్లగా నింపి చూడండి, గౌను వేసుకున్న అమ్మాయి తప్ప ఇంకేం కనిపించదు.

చాప్లిన్ టోపీ, చేతికర్ర పెడదామా అని కూడా అడిగారు. వద్దు. చాప్లిన్ దేశదిమ్మరి వేషం ఐబీఎం ప్రకటనల్లో పీసీ కోసం వచ్చింది, జూనియర్ ప్రకటనల్లోనూ వచ్చింది, నిజమే. కానీ అది మొత్తం కుటుంబానికి కంపెనీ తొడిగిన వేషం, ఈ అమ్మాయిది కాదు. టోపీ పెడితే బొమ్మలో మొదట టోపీయే కనిపిస్తుంది.

దాని బదులు చాలామందికి తెలియని ఒక విషయం వాడుకోండి. ఫ్లాపీ, కార్ట్రిడ్జ్ ఏమీ పెట్టకుండా ఆన్ చేస్తే జూనియర్ బేసిక్ అనే ప్రోగ్రామింగ్ భాషలోకి వెళ్తుంది. అక్కడ ఎస్కేప్ కీ నొక్కితే కీబోర్డ్ అడ్వెంచర్ అనే చిన్న పాఠం మొదలవుతుంది, అది మెషీన్ రామ్‌లో కాదు, రోమ్‌లోనే, అంటే పుట్టుకతోనే ఉంది. ఏ కీ ఏం చేస్తుందో ఆడుకుంటూ నేర్పిస్తుంది. కొన్న ఇంట్లో ఎవరికీ కంప్యూటర్ అంటే ఏంటో తెలియకపోయినా పర్వాలేదు, నేను నేర్పిస్తాలే అన్నట్టు. మీ పాత్ర ముఖంలో ఉండాల్సిన భావం ఇది. ఎవరూ ఏమీ అడగకపోయినా ఎదుటివాళ్ళ చేయి పట్టుకుని మొదటి అక్షరం దగ్గర పెట్టే ఓపిక. ఆ కళ్ళలో నీళ్ళు తీసేసి ఇది పెట్టండి.

ఇప్పుడు కథ సంగతి. మీకు నిజంగా గుండె పిండేది కావాలంటే ధరలోనూ కీబోర్డులోనూ వెతక్కండి, టాండీ 1000లో వెతకండి. ఐబీఎం తన మెషీన్ రంగుల గొప్పతనం చూపించడానికి సియెర్రా ఆన్-లైన్ కంపెనీకి డబ్బిచ్చి కింగ్స్ క్వెస్ట్ అనే ఆట చేయించింది. పదహారు రంగుల లోకం, అందులో చెట్టు వెనక్కి వెళ్తే చెట్టు వెనకే కనిపించే మనిషి, మూడు స్వరాల సంగీతం. 1984లో అది జూనియర్ మీద వచ్చింది, కానీ జూనియర్ కొన్నవాళ్ళే తక్కువ కాబట్టి ఆటకీ పెద్దగా గిరాకీ లేదు. అదే ఏడాది చివర్లో రేడియో షాక్ దుకాణాలు నడిపే టాండీ కంపెనీ, జూనియర్ బొమ్మల పద్ధతినీ శబ్దం చిప్‌నీ అలాగే తీసుకుని, మంచి కీబోర్డు పెట్టి, పీసీ సాఫ్ట్‌వేర్ బాగా నడిచేలా చేసి టాండీ 1000 తెచ్చింది. అది బ్రహ్మాండంగా అమ్ముడుపోయింది, ఆటా దానితోపాటే అందుకుంది. జూనియర్‌కి ధర తగ్గించి 1984 క్రిస్మస్‌కి బాగానే అమ్మారు, ఆ తగ్గింపు ఆగగానే అమ్మకాలూ ఆగిపోయాయి. 1985 మార్చిలో తయారీ ఆపేస్తున్నామని ఐబీఎం ప్రకటించింది. ఆ తర్వాత కూడా ఏళ్ళ తరబడి ఆటల డబ్బాల మీద ఆ పదహారు రంగులకీ మూడు స్వరాలకీ రాసిన పేరు ‘టాండీ గ్రాఫిక్స్, టాండీ సౌండ్’.

అంటే ఆమె గొంతు బతికింది, వేరేవాళ్ళ పేరుతో. దీన్ని పగగా రాయకండి, టాండీ అమ్మాయిని విలన్ చేయకండి. టాండీ చాలా మంచి మెషీన్, తను లేకపోతే ఆ గొంతు అసలు ఎవరికీ వినపడేది కాదు. ఇద్దరూ ఒకే పాట పాడుతుంటారు, దారినపోయేవాళ్ళు జూనియర్ పాట విని నువ్వు అచ్చం టాండీలా పాడుతున్నావు అంటారు, టాండీ ఏం చెప్పాలో తెలియక ఇబ్బంది పడుతుంది, జూనియర్ మాత్రం వాళ్ళకి ఆ పాట నచ్చినందుకు సంతోషంగా ఇంకోసారి పాడుతుంది. మీ కామిక్‌లో ఈ సీన్‌ని తొందరగా వాడేయకండి, చదివేవాళ్ళకి ఆమె మీద ఇష్టం ఏర్పడ్డాక వాడండి.

అనిమే పద్ధతి అన్నారు కాబట్టి జపాన్ చెల్లెల్ని కూడా పరిచయం చేస్తా. ఐబీఎం జేఎక్స్ అని 1984లోనే జపాన్‌లో వచ్చింది, జూనియర్ ఆధారంగా చేసినదే, దానికి కంజీ అనే జపనీస్ అక్షరాలు చూపించే శక్తి, మూడున్నర అంగుళాల డ్రైవ్‌లు, తెలుపు కాకుండా ముదురు రంగు పెట్టె కూడా ఇచ్చారు. ఆస్ట్రేలియాలో, న్యూజిలాండ్‌లో కూడా అమ్మారు. అప్పటికే జపాన్‌లో ఎన్ఈసీ కంపెనీ వాళ్ళ పీసీ-9801 కంప్యూటర్ పాతుకుపోయింది, జేఎక్స్ నిలబడలేదు. ముదురు కోటు వేసుకున్న చెల్లెలు, కంజీ చక్కగా రాస్తుంది, జూనియర్ లాగే సూటిగా ఎదుటివాళ్ళ వైపు తిరిగి వింటుంది. ఇది రెండో దశలో చేసుకోండి, ఇప్పుడే మొదలుపెడితే రెండూ సగం సగం అవుతాయి.

వయసు గురించి ఒక్క మాట. పేరులో జూనియర్ ఉందని చిన్నపిల్లని గీయక్కర్లేదు. లోపల ఉన్నది అక్క ప్రాసెసరే, బుర్ర అంతా పెద్దదే, బయట మాత్రం ఇంట్లోవాళ్ళు చిన్నదానిలా చూసి తక్కువ ఇచ్చారు. అక్క అమ్మకాలు దెబ్బతింటాయన్న భయంతోనే ఇలా కత్తిరించారని అప్పట్లో చాలామంది అన్నారు. కాలేజీలో చేరిన వయసు, పొడుగు చేతుల కోటు, కానీ ఆ కోటు చేతులు ఆమెకి కొంచెం పొట్టిగా ఉండాలి, ఎందుకంటే అది ఆమె కొలతకి కుట్టింది కాదు.

ఇక పని మొదలుపెట్టే పద్ధతి. ముఖం ఇప్పుడున్నదే ఉంచుకోండి, కన్నీళ్ళు మాత్రం తుడిచేయండి. ముందు రంగు లేకుండా సిల్హూట్ ఒక్కటే నాలుగైదు రకాలుగా వేయండి, కుడివైపు బరువుతో. అందులో ఒకటి ఎంచుకున్నాక గుండీలు, జేబులు, అంచు. ఆ తర్వాత మూడు ముఖాలు: సూటిగా వింటున్నప్పుడు, చదువుతూ ఏమీ వినపడనప్పుడు, జేబులో ఏదో పెట్టగానే మళ్ళీ మొదలైనప్పుడు. రిబ్బన్ అన్నిటికంటే చివర. కార్ట్రిడ్జ్ స్లాట్లు, సైడ్‌కార్ అతుకుల దగ్గరి ఫోటోలు నా మెషీన్‌వి తీసి రేపు ఇక్కడ పెడతా, కీబోర్డుని పైనుంచీ పక్కనుంచీ రెండు రకాలుగా తీస్తా. మీరు కొత్త గీత పెట్టేటప్పుడు ముందు భంగిమ ఒక్కటే కాకుండా కుడి పక్కనుంచి చూసినదీ పెట్టండి, సైడ్‌కార్ నడుము దగ్గర ఎలా అతికిందో అందులోనే తెలుస్తుంది, అక్కడ చేయి కదలడానికి చోటు లేకపోతే యానిమేట్ చేసేటప్పుడు ఇబ్బంది పడతారు.